పులియోపులోస్‌ని సొంత పార్టీయే ఎందుకు వెళ్లగొట్టింది?

మీరు అడిగినవి మూడు. గ్రీస్ కమ్యూనిస్టు పార్టీకి 24 ఏళ్లకే ప్రధాన కార్యదర్శి అయిన పాండెలిస్ పులియోపులోస్‌ని మూడేళ్లు తిరిగేసరికి పార్టీ ఎందుకు బయటికి పంపింది? 1943లో కాల్చి చంపే ముందు ఆయన ఇటాలియన్ భాషలో మాట్లాడితే సైనికులు తుపాకులు దించేశారన్నది నిజమేనా? అసలు ఆయన్ని ట్రాట్‌స్కీయిస్టు, అంటే స్తాలిన్‌ని ఎదిరించి సోవియట్ యూనియన్ నుంచి వెలివేతకు గురైన ట్రాట్‌స్కీ మనిషి, అనొచ్చా? యూరప్ చరిత్ర చాలాకాలం పాఠం చెప్పినవాణ్ణి, అందులోనూ బాల్కన్ దేశాలంటే కాస్త పిచ్చి ఉన్నవాణ్ణి. అందుకని సమాధానం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఆయన పేరు విన్నవాళ్లలో చాలామంది ఆ కథ వల్లే విని ఉంటారు.

1943 నాటికి గ్రీస్‌ని జర్మనీ, ఇటలీ, బల్గేరియా మూడూ పంచుకుని ఏలుతున్నాయి. ఏథెన్స్ నుంచి సాలొనికా వెళ్లే రైలు మార్గం ఆక్రమణ సైన్యాలకు చాలా ముఖ్యం. ఆ మార్గంలో కుర్నోవో అనేచోట ఒక సొరంగం ఉంది. జూన్ 1న ఇటాలియన్ల రైలు సొరంగంలో ఉండగా ఎలాస్ అనే గ్రీక్ ప్రతిఘటన సైన్యం గెరిల్లాలు దాన్ని పేల్చేశారు. సైనికులు పెద్దసంఖ్యలో చనిపోయారు. దానికి బదులుగా జూన్ 6న ఇటాలియన్లు లారిసా నిర్బంధ శిబిరం ఖైదీలను నెజెరోస్ దగ్గరికి తీసుకొచ్చి 106 మందిని కాల్చేశారు. వాళ్లలో పులియోపులోస్ ఒకడు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు, క్షయతో మనిషి సగమైపోయాడు. ఐదేళ్లుగా జైళ్లలో ఉన్నవాడికి ఆ పేలుడుతో ఏ సంబంధమూ లేదు.

ఇక కథ. వరసలో నిలబెట్టాక ఆయన ఇటాలియన్ భాషలో సైనికులతో మాట్లాడాడనీ, మీరూ శ్రామికులే, మీరు చేస్తున్నది మీ వర్గం మీదే నేరం అని చెప్పాడనీ, సైనికులు కాల్చడానికి వెనకాడితే అధికారులే ముందుకొచ్చి పని పూర్తిచేశారనీ చెబుతారు. ఇది ప్రధానంగా ఆయన సహచరులూ అభిమానులూ మోసుకొచ్చిన కథనం. అమరుల కథలకు ఇలాంటి ముగింపులు అతుక్కోవడం మనకు తెలియనిది కాదు, కాబట్టి సైనికులు ఏం చేశారన్న భాగాన్ని నేను కథనంగానే చెబుతాను. అయితే కొట్టిపారేయను కూడా. 1943 జూన్ ఎలాంటి సమయమో చూడండి. ట్యునీషియాలో ఇటాలియన్, జర్మన్ సేనలు లొంగిపోయి నెల కూడా కాలేదు. ఇంకో నెలకు మిత్రసేనలు సిసిలీలో దిగాయి, జులై 25న ముస్సోలినీ పడిపోయాడు, సెప్టెంబర్‌లో ఇటలీ చేతులెత్తేసింది. గ్రీస్‌లో ఉన్న మామూలు ఇటాలియన్ సిపాయికి ఇంటికెళితే చాలు అనే మూడ్ తప్ప ఇంకేమీ లేదు. పైగా పులియోపులోస్‌కి సైనికులతో మాట్లాడటం ఆ రోజు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కింద ఆయన రాజకీయ జీవితం మొదలైందే బ్యారక్‌లలో, సొంత దేశపు సైనికుల మధ్య.

ఇక్కడే ఒక అపోహ కూడా తీసేస్తాను. ఎలాస్‌ను నడిపింది కమ్యూనిస్టు పార్టీయే కాబట్టి, తమకు అడ్డున్నవాణ్ణి ఇటాలియన్ల చేత చంపించారు అన్నట్టు కొందరు సూచనగా రాస్తారు. అది అన్యాయం. ఆ రోజు చనిపోయినవాళ్లలో చాలామంది పార్టీని వదలని కార్యకర్తలే. పార్టీ మీద పెట్టదగ్గ అసలు కేసు 1943ది కాదు, 1924-27 మధ్యది.

ఆయన 1900లో థీబ్స్‌లో పుట్టాడు. 1919లో ఏథెన్స్‌లో లా చదువుతూ గ్రీస్ సోషలిస్టు లేబర్ పార్టీలో చేరాడు. ఆ పార్టీ వయసు అప్పటికి ఏడాది. 1918 నవంబర్‌లో పిరయస్ రేవులో పుట్టింది. దాన్ని పుట్టించినవాళ్లలో ముఖ్యుడు అబ్రహాం బెనరోయా. విదిన్‌లో పుట్టిన యూదుడు, సాలొనికాలో యూదు, బల్గేరియన్, తుర్కీ, గ్రీకు కార్మికులను ఒక గొడుగు కిందికి తెచ్చిన ఫెడరేషన్ నాయకుడు. అంటే ఈ పార్టీకి ఒక కాలు సాలొనికా పొగాకు గోదాముల్లో ఉంటే, రెండో కాలు ఏథెన్స్ మేధావుల మధ్య ఉంది. 1920లో పార్టీ కొమింటర్న్‌లో, అంటే మాస్కో కేంద్రంగా నడిచే కమ్యూనిస్టు ఇంటర్నేషనల్‌లో చేరింది.

అదే ఏడాది పులియోపులోస్‌ని సైన్యంలోకి లాగారు. 1919 మే నెలలో గ్రీక్ సైన్యం స్మిర్నాలో దిగింది, ఇప్పటి తుర్కియేలోని ఇజ్మీర్. గ్రీకులు ఎక్కువగా ఉండే ఆ తీరాన్ని కలుపుకుని పెద్ద గ్రీస్ కట్టాలన్నది ప్రధాని వెనిజెలోస్ కల. 1912 నుంచి గ్రీక్ జనం దాదాపు ఆపకుండా యుద్ధాల్లోనే ఉన్నారు. పిల్లల్ని ఇళ్లకు తెస్తాం అని చెప్పి రాచపక్షం 1920 నవంబర్ ఎన్నికల్లో వెనిజెలోస్‌ని ఓడించింది. గెలిచాక అదే యుద్ధాన్ని ఇంకా లోపలికి, అంకారా వైపు నడిపింది. ఓటేసి గెలిపించిన సిపాయి తల్లిదండ్రుల కడుపుమంట ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పులియోపులోస్ ఆ సైన్యం లోపలే యుద్ధ వ్యతిరేక ప్రచారం చేశాడు. సైనికుల మధ్య కమ్యూనిస్టు బృందాలు కట్టారు, కరపత్రాలు తిరిగాయి. 1922లో పట్టుబడి స్మిర్నాలో జైలు పాలయ్యాడు. ఆగస్టు చివర తుర్కీ సేనలు విరుచుకుపడితే ముందువరస కుప్పకూలింది. సెప్టెంబర్ 9న వాళ్లు స్మిర్నాలోకి వచ్చారు, నాలుగు రోజులకు ఊరు తగలబడిపోవడం మొదలైంది. ఆ ఓటమి గ్రీస్ రాజకీయాల్ని ఎంత కుదిపిందంటే, మాజీ ప్రధానులతో సహా ఆరుగురిని దానికి బాధ్యులని నవంబర్‌లో కాల్చి చంపారు.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పనిలేదు, భూమి లేదు, కాలో చెయ్యో పోయినవాడికి పెన్షన్ లేదు. వాళ్లు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. 1924 మేలో వాటి అఖిల గ్రీస్ మహాసభ జరిగితే పులియోపులోస్ అధ్యక్షుడయ్యాడు. నా లెక్కలో ఆయన రాజకీయ జీవితంలో ఇదే అత్యంత బలమైన ఘట్టం. తర్వాతి రోజుల్లో ఆయన రాసిన సిద్ధాంతాల గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు గానీ, పార్టీ గీత దాటి వేలమంది మామూలు మనుషులు ఆయన వెనక నడిచింది మాత్రం ఈ మాజీ సైనికుల ఉద్యమంలోనే. డిమాండ్లు నేలమీదవి: భూమి, పని, వికలాంగులకు పెన్షన్, ఇంకో యుద్ధం వద్దు. పార్టీకి అంతకు ముందు పల్లెల్లోకి దారే లేదు, ఈ ఉద్యమం ఆ తలుపు తెరిచింది. కార్యదర్శి పదవి ఆయనకు ఊరికే రాలేదు.

పదవి వచ్చిన తీరులోనే చిక్కు కూడా వచ్చింది. 1924 జూన్, జులై నెలల్లో మాస్కోలో కొమింటర్న్ ఐదో మహాసభ జరిగింది. గ్రీస్ నుంచి వెళ్లింది పులియోపులోస్, సెరాఫిమ్ మాక్సిమోస్. (మన ఎం.ఎన్. రాయ్ జాతుల, వలసల ప్రశ్న మీద కొమింటర్న్ నాయకుడు మనూయిల్‌స్కీతో తలపడింది కూడా ఈ సభలోనే. ఐదేళ్ల తర్వాత రాయ్ కూడా బయటికే వెళ్లాడు. ఆ సభలో ఎదురుమాట చెప్పినవాళ్లలో ఎంతమంది చివరిదాకా లోపల మిగిలారో ఎవరైనా ఓపిగ్గా లెక్క తీస్తే బాగుంటుంది.) ఆ సభ పార్టీలన్నిటికీ బోల్షెవికీకరణ అనే నినాదం ఇచ్చింది. అంటే ఇకపై ఉక్కు క్రమశిక్షణ, కేంద్రం మాటే ఆఖరి మాట. దానితోపాటు బాల్కన్ పార్టీలకు ఇంకో నినాదం ఇచ్చింది: ఐక్య, స్వతంత్ర మాసిడోనియా, స్వతంత్ర థ్రేస్.

దీని వెనక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఒట్టోమన్ పాలన పోయాక 1913లో మాసిడోనియాను మూడు ముక్కలు చేశారు. సగం దాకా గ్రీస్‌కి, ఎక్కువ భాగం మిగిలింది సెర్బియాకి, చిన్నముక్క బల్గేరియాకి. తక్కువ దక్కిందని బల్గేరియాకు మంట. బాల్కన్ దేశాల్లో అన్నిటికన్నా పెద్ద కమ్యూనిస్టు పార్టీ కూడా బల్గేరియాదే. 1923 సెప్టెంబర్‌లో వాళ్లు తిరుగుబాటు చేసి చావుదెబ్బ తిన్నారు. మళ్లీ లేవాలంటే వాళ్లకు మిత్రులు కావాలి. బల్గేరియాలో తుపాకులూ జనమూ ఉన్న మాసిడోనియా విప్లవ సంస్థ ఆ మిత్రుల్లో ముందువరసలో కనిపించింది. స్వతంత్ర మాసిడోనియా అనే నినాదం బల్గేరియాలో ఓట్లూ మనుషుల్నీ తెచ్చేది. మాస్కోలో కొలరోవ్, దిమిత్రోవ్ లాంటి బల్గేరియన్ నాయకుల మాటకు బరువుంది. గ్రీక్ పార్టీ చిన్నది, కొత్తది, దాని మాట వినేవాళ్లు తక్కువ.

ఇప్పుడు గ్రీస్ వైపు నుంచి చూడండి. 1923లో లొసాన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం గ్రీస్, తుర్కీ జనాన్ని మార్చుకున్నాయి. భాష చూడలేదు, మతం చూశారు. గ్రీక్ ముక్క రాని క్రైస్తవులు గ్రీస్‌కి వచ్చారు, తుర్కీ ముక్క రాని క్రీట్ ముస్లింలు తుర్కియేకి పోయారు. మొత్తం మీద దాదాపు 12 లక్షలమంది గ్రీస్‌లోకి వచ్చిపడ్డారు, అప్పటి గ్రీస్ జనాభా యాభై లక్షల చిల్లర. వచ్చినవాళ్లలో సగానికి పైగా మాసిడోనియాలోనే దింపారు. 1928 జనాభా లెక్కల్లో ఒక్క గ్రీక్ మాసిడోనియాలోనే 6 లక్షల 38 వేలమంది శరణార్థులు తేలారు.

స్మిర్నా పరిసరాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ఒక కుటుంబాన్ని తీసుకోండి. మగవాళ్లలో సగం మంది తుర్కీ లేబర్ క్యాంపుల్లో పోయారు. ఏడాది పాటు పాఠశాల వరండాల్లో, గోదాముల్లో బతికారు. చివరికి మాసిడోనియాలో ఒక ఊళ్లో, ముస్లింలు ఖాళీచేసి పోయిన ఇంట్లో చోటిచ్చి, కాస్త భూమి, విత్తనాలు ఇచ్చారు. పక్కింట్లో స్లావ్ భాష మాట్లాడే కుటుంబం ఉంది. ఆ పొలం మీద వాళ్లూ ఆశ పెట్టుకుని ఉన్నారు. అలాంటప్పుడు ఎర్రజెండా పట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, ఈ గడ్డ గ్రీస్ నుంచి విడిపోవాలి అంటే ఆ ఇంటివాళ్లకు ఏమనిపిస్తుంది? మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలేమో అన్న భయమే. ఈ శరణార్థులే తర్వాత పొగాకు కార్మికులూ మురికివాడల పేదలూ అయ్యారు, అంటే పార్టీ నమ్ముకోవాల్సిన జనమే. మాస్కో సభలోనే గ్రీక్ ప్రతినిధులు ఈ మాట చెప్పారు: శరణార్థులు ఇంతమంది వచ్చి స్థిరపడ్డాక ఈ నినాదం మా దగ్గర నడవదు అని. మనూయిల్‌స్కీ ఒప్పుకోలేదు.

తిరిగొచ్చాక నవంబర్ 26 నుంచి డిసెంబర్ 3 దాకా పార్టీ ప్రత్యేక మహాసభ పెట్టారు. సభ్య పార్టీలకు కొమింటర్న్ పెట్టిన ఇరవై ఒక్క షరతులూ, దాని తీర్మానాలూ అన్నీ ఒప్పుకున్నారు. పేరు గ్రీస్ కమ్యూనిస్టు పార్టీ అని మార్చారు. మాసిడోనియా నినాదాన్ని ఆమోదించారు. పులియోపులోస్‌ని ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకున్నారు. అంతకు ముందు పార్టీని నడిపిన యానిస్ కోర్డాటోస్ ఆ నినాదాన్ని వ్యతిరేకించి పక్కకు తప్పుకున్నాడు. ఈయన తర్వాత గ్రీస్‌లో పేరున్న మార్క్సిస్టు చరిత్రకారుడయ్యాడు.

ఇక్కడ ఆయన అభిమానులతో నాకు పేచీ ఉంది. మొదటి రోజు నుంచీ మాసిడోనియా లైన్‌ని పులియోపులోస్ ఎదిరించాడని వాళ్లు రాస్తుంటారు. అది సరికాదు. ఆ సభలో ఆయన కొమింటర్న్ పక్షాన నిలబడ్డాడు. ఆ నినాదాన్ని మోసుకుంటూనే పదవిలోకి వచ్చాడు. నిర్ణయమయ్యాక పాటించాలన్న క్రమశిక్షణ ఒకటి, రష్యా విప్లవం చేసినవాళ్లకు మనకన్నా తెలుసులే అన్న నమ్మకం ఒకటి. ఆ రోజుల్లో ఏ దేశంలోనైనా ఇరవై నాలుగేళ్ల కమ్యూనిస్టు అలాగే ఆలోచించేవాడు.

ఫలితం వెంటనే తెలిసింది. పోలీసులకు అంతకన్నా మంచి ఆయుధం దొరకదు. సమ్మె చేసినవాణ్ణి సమ్మెకారుడని కొడితే జనానికి జాలి కలుగుతుంది. దేశాన్ని ముక్కలు చేసేవాడని కొడితే అడిగేవాడుండడు. 1925లో పులియోపులోస్‌తో పాటు ఇరవైమందికి పైగా నాయకుల మీద, దేశభాగాన్ని విడదీయడానికి కుట్ర చేశారన్న కేసు పెట్టారు. జూన్ 25న జనరల్ పాంగలోస్ అధికారం లాక్కున్నాడు. ఆడవాళ్ల గౌను అంచు నేలకు ఎన్ని సెంటీమీటర్ల పైన ఉండొచ్చో ఆర్డర్ వేసిన మహానుభావుడు ఈయనే. సరిహద్దు గొడవ ఒకటి సాకు చేసుకుని ఆ అక్టోబర్‌లో బల్గేరియాలోకి సైన్యాన్ని తోలి, నానాజాతి సమితి చేత జరిమానా వేయించుకున్నదీ ఈయనే.

ఆ ఆగస్టులో విచారణ మొదలైంది. పులియోపులోస్ లాయరు చదువు అక్కరకొచ్చింది. గంటల తరబడి మాట్లాడాడు. కేసు నుంచి తప్పుకోవడానికి, ఈ నినాదం మాది కాదు, మాస్కోది అనేస్తే సరిపోయేది. అలా అనలేదు. పార్టీ నిర్ణయాన్ని తన నిర్ణయంగానే సమర్థించాడు. అల్పసంఖ్యాక జాతుల హక్కులు, బాల్కన్ యుద్ధాల్లో ఎవరికి లాభం, సామాన్యుడికి ఏం మిగిలింది, ఇవన్నీ కోర్టులో చెప్పాడు. విచారణ పూర్తికాకుండానే వాయిదా పడింది, పాంగలోస్ ప్రభుత్వం ఆయన్ని ఫోలెగాండ్రోస్ దీవికి ప్రవాసం పంపింది. గ్రీస్‌లో రాజకీయ ప్రత్యర్థిని ఎండిపోయిన చిన్న దీవిలో పడేయడం పాత అలవాటు. కోర్టుతో పనిలేదు, పోలీసు కమిటీ సంతకం చాలు. అక్కడ గోడల జైలు ఉండదు, చుట్టూ సముద్రం ఉంటుంది. మన తిండి మనమే చూసుకోవాలి, పోలీసుకు కనబడుతూ ఉండాలి.

1926 ఆగస్టులో పాంగలోస్ పడిపోయాడు, ప్రవాసులు తిరిగొచ్చారు. సెప్టెంబర్‌లో పులియోపులోస్ కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చాడు. మాసిడోనియా లైన్ దెబ్బతీసింది, దాని బాధ్యత నాది కూడా, ఆ నినాదం తీసేయాలి అన్నది ఆయన వాదన. కొమింటర్న్ ఒప్పుకోలేదు. ఈ ఘట్టాన్ని కొందరు ఇప్పుడు, చూశారా, ఆయన దేశభక్తుడు అని చెప్పుకుంటారు. ఆ మాట ఆయన వింటే నొచ్చుకునేవాడు. గ్రీస్‌లో స్లావ్ భాష మాట్లాడేవాళ్లకు హక్కులు ఉండకూడదని ఆయన ఏనాడూ అనలేదు. జనమే మారిపోయిన నేల మీద, మరో పార్టీ అవసరం కోసం రాసిన నినాదాన్ని రుద్దొద్దన్నాడు. ఇలా అన్నది ఆయన ఒక్కడే కూడా కాదు. యుగోస్లావియా పార్టీలో సిమా మార్కోవిచ్ జాతుల ప్రశ్న మీద ఇలాంటి పేచీయే పెట్టుకుని 1925లో సాక్షాత్తు స్తాలిన్ చేత చీవాట్లు తిన్నాడు. చివరికి మాస్కో ప్రక్షాళనల్లో పోయాడు.

నవంబర్ ఎన్నికల్లో పార్టీ 4 శాతం పైచిలుకు ఓట్లు, 10 సీట్లు తెచ్చుకుంది. బాగానే ఉందనిపించింది. కానీ లోపల మాత్రం 1927 మార్చిలో జరిగిన మూడో మహాసభ నాటికి లెక్కలు మారిపోయాయి. మాస్కోలోని తూర్పు శ్రామికుల విశ్వవిద్యాలయంలో చదివొచ్చిన కుర్రాళ్లు ఒక జట్టుగా ఎదిగారు. (మొదటితరం భారతీయ కమ్యూనిస్టులు కొందరు చదివింది కూడా ఆ బళ్లోనే.) వీళ్లకు సిద్ధాంత చర్చ కన్నా మాస్కో నుంచి వచ్చిన సర్క్యులర్ ముఖ్యం. వాళ్లలో ఆండ్రోనికోస్ హైతాస్ పార్టీని చేతుల్లోకి తీసుకున్నాడు.

పులియోపులోస్, ఆయన మిత్రుడు పాస్టియాస్ గియాత్సోపులోస్ కలిసి ఒక పత్రం రాశారు, కొత్త ఆరంభం అని. పార్టీ నిండా చదువూ శిక్షణా లేని మనుషులు చేరారు, మనకే మార్క్సిజం సరిగా రాదు, ముందు మనం నేర్చుకుని పార్టీని మళ్లీ మొదటి నుంచి కట్టాలి అన్నది దాని సారం. ఇందులో నిజముంది. కానీ నా అభిప్రాయం అడిగితే, రాజకీయంగా ఇదే ఆయన చేసిన పెద్ద పొరపాటు. జైలుకెళ్లొచ్చిన పొగాకు కార్మికుడికి, నీకు చదువు చాలదు అని చెబితే వాడు నీ వెనక రాడు, నిన్ను పంతులనుకుంటాడు. మాజీ సైనికుల మధ్య అంత సులువుగా కలిసిపోయిన మనిషి పార్టీ తగాదాలో ఈ చిన్న విషయం ఎలా మరిచాడో నాకు అర్థం కాదు. అవతలివాళ్లకు అదే దొరికింది. పార్టీని రద్దుచేయాలనేవాడు అన్న ముద్ర వేసి 1927లోనే బహిష్కరించారు. ఆ తర్వాత మాక్సిమోస్ వంతు కూడా వచ్చింది. బెనరోయా, కోర్డాటోస్ అప్పటికే దూరమయ్యారు. పార్టీ పుట్టి పదేళ్లు కాకముందే దాన్ని పుట్టించినవాళ్లలో పేరున్నవాళ్లు దాదాపు ఎవరూ లోపల లేరు. గెంటినవాళ్లకూ సుఖం లేదు. హైతాస్ 1931లో జైలు నుంచి తప్పించుకుని సోవియట్ యూనియన్ చేరి, అక్కడే ప్రక్షాళనలకు బలైపోయాడు. అదే 1931లో కొమింటర్న్ నికోస్ జకారియాదిస్‌ని నాయకుడిగా నియమించి పంపింది.

ఇంతకీ మాసిడోనియా నినాదం ఏమైంది? 1935లో పార్టీ దాన్ని తీసేసి, అల్పసంఖ్యాకులకు సంపూర్ణ సమాన హక్కులు అనే మాట పెట్టుకుంది. చెప్పిన కారణాల్లో ఒకటి గ్రీక్ మాసిడోనియాలో జనాభా స్వరూపం మారిపోవడం. తొమ్మిదేళ్ల కింద పులియోపులోస్ చెప్పింది అదేనని ఎవరూ గుర్తుచేయలేదు.

బయటికొచ్చాక ఆయన 1928లో స్పార్టకోస్ అనే పత్రిక మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నది పిడికెడు మంది. మార్క్స్ పెట్టుబడి గ్రంథాన్ని గ్రీక్‌లోకి తెచ్చాడు. 1929లో వెనిజెలోస్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం, సమాజ వ్యవస్థను బలవంతంగా మార్చే ఆలోచనలు ప్రచారం చేసినా కనీసం ఆరు నెలల జైలు. పేరుకు ఉదారవాద ప్రభుత్వం. ఆ చట్టమే తర్వాతి నియంతలకు పునాది వేసిపెట్టింది.

1934లో ఆయన రాసిన పుస్తకం గురించి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ జనవరిలో పార్టీ ప్లీనం, అంటే కేంద్ర కమిటీ పూర్తి సమావేశం, ఒక నిర్ణయం చేసింది: గ్రీస్ వెనకబడిన దేశం, భూస్వామ్య అవశేషాలున్నాయి, కాబట్టి ముందొచ్చేది బూర్జువా ప్రజాస్వామిక విప్లవం, అది త్వరగా సోషలిస్టు విప్లవంగా మారుతుంది అని. దానికి జవాబుగా పులియోపులోస్ రాసిన పుస్తకం పేరు గ్రీస్‌లో ప్రజాస్వామిక విప్లవమా, సోషలిస్టు విప్లవమా. జాతీయ ప్రజాస్వామిక, జనతా ప్రజాతంత్ర, నూతన ప్రజాస్వామిక విప్లవాల మీద మన దగ్గర పార్టీలకు పార్టీలే చీలడం చూసినవాళ్లకు ఈ చర్చ పరాయిది అనిపించదు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. గ్రీస్‌లో పెద్ద భూస్వాముల ఎస్టేట్లను అప్పటికే చాలావరకు పంచేశారు. రైతును పీల్చేది భూస్వామి కాదు, బ్యాంకు, పొగాకు వ్యాపారి, పన్ను. బూర్జువా వర్గమే అధికారంలో ఉంది, కాబట్టి దాని నాయకత్వంలో పూర్తికావాల్సిన విప్లవమంటూ వేరే మిగల్లేదు అంటాడు. ఆయన ముగింపుతో ఏకీభవించకపోయినా ఇబ్బంది లేదు. గ్రీస్ ఆర్థిక వ్యవస్థను లెక్కలతో విడమర్చిన తీరు ఇప్పటికీ చదవదగ్గది.

1936 జనవరి ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 15 సీట్లు వచ్చి, రెండు పెద్ద పక్షాల మధ్య తక్కెడ ముల్లు వాళ్ల చేతిలోకి వచ్చింది. మేలో సాలొనికాలో పొగాకు కార్మికుల సమ్మె మీద కాల్పులు జరిగి పన్నెండుమంది చనిపోయారు. ఆగస్టు 4న మెటక్సాస్ నియంతృత్వం వచ్చింది. పులియోపులోస్ అజ్ఞాతంలోకి వెళ్లాడు, 1938లో దొరికిపోయాడు.

మెటక్సాస్ పోలీసు మంత్రి మనియదాకిస్ కొట్టించడంతో ఆగే రకం కాదు. ఆముదం తాగించడం, మంచుదిమ్మె మీద కూర్చోబెట్టడం ఉన్నాయి గానీ, అసలు ఆయుధం ఒక కాగితం. నేను కమ్యూనిజాన్ని వదిలేశాను, అసహ్యించుకుంటున్నాను అని రాసి సంతకం పెడితే విడుదల. ఆ కాగితాన్ని పేపర్లో వేసేవారు, సొంతూళ్లో చర్చిలో చదివించేవారు. ఇక ఆ మనిషి ఊళ్లోనూ తలెత్తుకోలేడు, పార్టీలోకీ తిరిగి పోలేడు. పెళ్లాంబిడ్డల మొహం చూసి వేలమంది సంతకం పెట్టారు. పెట్టనివాళ్లలో కరడుగట్టిన కొన్ని వందలమందిని నాఫ్‌ప్లియో ఊరి మీద కొండకోటలో, అక్రొనాఫ్‌ప్లియా జైల్లో ఉంచారు. పులియోపులోస్ ఏజినా జైలు మీదుగా అక్కడికి చేరాడు. ఆయనా సంతకం పెట్టలేదు. అక్కడ కమ్యూనిస్టు ఖైదీలు వంట, చదువు, వైద్యం అన్నీ ఉమ్మడిగా నడుపుకునేవారు. ట్రాట్‌స్కీ పక్షంవాళ్లను మాత్రం దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒకే శత్రువు, ఒకే కోట, ఒకే ఆకలి, అయినా పొత్తు లేదు. 1941 ఏప్రిల్‌లో జర్మన్లు వచ్చినప్పుడు జైలు అధికారులు ఈ ఖైదీలను వదిలిపెట్టకుండా పదిలంగా ఆక్రమణదారులకు అప్పగించారు. అక్కణ్నుంచి లారిసా శిబిరం, ఆపైన నెజెరోస్.

ఇక మీ మూడో ప్రశ్న. ట్రాట్‌స్కీయిస్టు అనొచ్చా? 1930ల పులియోపులోస్‌ని అనొచ్చు, ఆయనే కాదనడు. ఆయన సంస్థ 1938లో, ట్రాట్‌స్కీ పక్షం కొమింటర్న్‌కి పోటీగా పెట్టుకున్న నాలుగో ఇంటర్నేషనల్ స్థాపక సభకు ప్రతినిధిని పంపింది. పాబ్లో పేరుతో తర్వాత ప్రపంచమంతా తెలిసిన మిహాలిస్ రాప్టిస్ ఈ గుంపులోంచి వచ్చినవాడే. కానీ 1927 నాటి బహిష్కరణను ఆ ముద్రతో వివరించడం తలకిందుల పని. అప్పుడు గొడవ గ్రీస్ నేల మీద నడవని ఒక లైన్ గురించి, పార్టీని ఎలా కట్టాలన్నదాని గురించి. ముద్ర తర్వాత అతికించారు. ట్రాట్‌స్కీతో ఆయన సంబంధం కూడా గురుశిష్యుల బాపతు కాదు. 1930లో ట్రాట్‌స్కీ గ్రీస్‌లో తన అధికారిక శాఖగా గుర్తించింది పులియోపులోస్ గుంపును కాదు, ఆర్కియోమార్క్సిస్టులనే వేరే పెద్ద సంస్థను, గియోటోపులోస్ నాయకత్వంలోనిదాన్ని. ఆ గుంపు కూడా నాలుగేళ్లకే ట్రాట్‌స్కీతో తెగతెంపులు చేసుకుంది. ఇంకో తమాషా: 1932లో గ్రీక్ అనుచరులు మాసిడోనియా స్వాతంత్ర్యం నినాదాన్ని తిరస్కరిస్తున్నాం అని చెబితే, అలా పూర్తిగా తిరస్కరించడం సరైందేనా అని సందేహం వెలిబుచ్చింది ట్రాట్‌స్కీయే. అంటే ఆ ఒక్క విషయంలో మాస్కో వైపూ, మాస్కో వెళ్లగొట్టినవాడి వైపూ కూడా పులియోపులోస్ లాంటివాళ్లకు పూర్తి మద్దతు దొరకలేదు.

ఆయన పోయాక గుంపు చాలా నలిగింది. ఆక్రమణ చివరి నెలల్లో, 1944 డిసెంబర్ పోరాటాల్లో పార్టీ రహస్య విభాగం ఓప్లా ట్రాట్‌స్కీయిస్టులనూ ఆర్కియోమార్క్సిస్టులనూ వెతికి మరీ చంపింది. మిగిలిన ట్రాట్‌స్కీయిస్టు గుంపులు 1946లో పాబ్లో మధ్యవర్తిత్వంతో ఒకే సంస్థగా కలిశాయి. బెనరోయా తర్వాతి జీవితం గురించి ఎవరికైనా ఆసక్తి ఉంటే విడిగా ప్రశ్న వేయండి. అది సాలొనికా యూదుల కథ, ఇందులో ఇరికిస్తే న్యాయం జరగదు.